చిన్న పనికీ పెద్ద దారేనా?

2024 సెప్టెంబరు మొదట్లో పడ్డ వానలకు మా అమ్మమ్మగారి ఊరి దారిలో చప్టా తెగింది. పిడుగురాళ్ల నుంచి పట్టుమని పన్నెండు కిలోమీటర్లు ఉండదు ఆ ఊరు. చప్టా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. వాగుకు అడ్డంగా ఒక సిమెంటు పలక, కింద మూడు తూములు, అటూ ఇటూ రాతి కట్టు. వాగు తగ్గాక వెళ్లి చూస్తే తూములు ఉన్నచోటే ఉన్నాయి. వాటికి ఆనుకుని ఉన్న మట్టికట్ట మాత్రం లారీ పట్టేంత వెడల్పున కోసుకుపోయింది. బడిపిల్లల ఆటో ఇవతలే ఆగేది. "దిగండమ్మా, ఖాళీ బండి దాటిస్తా" అనేవాడు డ్రైవరు. పిల్లలు చెప్పులు చేతపట్టుకుని నీళ్లలో నడిచి అవతలి గట్టున మళ్లీ ఎక్కేవాళ్లు. నెలలు నిండిన ఒక అమ్మాయిని ట్రాక్టరు తొట్టిలో పరుపు వేసి కూర్చోబెట్టి దాటించడం నేను కళ్లారా చూశాను.

ఇంజనీరు నాలుగో రోజే వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు, ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. వారం తిరిగేసరికి ఎస్టిమేటు తయారైంది. ఏడు లక్షల లోపు పని. ఆ తర్వాత ఆ కాగితం పైకి బయల్దేరింది. ఊళ్లోవాళ్లు ఇంటికింత వేసుకుని, ఒక సున్నపు బట్టీ ఆసామి ఇచ్చిన రాతిపొడితో పాటు నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ పోసి దారి నడిపించుకున్నారు. అసలు మరమ్మతు పూర్తయ్యేసరికి మళ్లీ తొలకరి వచ్చేసింది. కొలవడానికి ఒక పూట, ఎస్టిమేటుకు వారం, పనికి పదిహేను రోజులు పట్టాయి. మిగతా నెలలన్నీ ఎటు పోయాయి? దాన్ని పట్టుకోవాలని చట్టాలు, నిబంధనలు, మన అనుభవాలు, బయటివాళ్ల అనుభవాలు ఒకచోట పెట్టుకుని చూశాను. డబ్బు కొరత ఒక్కటే కారణమనుకుని మొదలుపెట్టాను. కానీ వంద కోట్ల వంతెనా, ఏడు లక్షల చప్టా ఒకే దారిన పోవాల్సి రావడమే అసలు కారణమని తేలింది.

చప్టా తెగిన ఆ వారం రాష్ట్రమంతా విజయవాడ వైపు చూసింది. చూడాల్సిందే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. 2009 అక్టోబరు వరదల నాటి లెక్కను అది దాటేసింది. బుడమేరు వాగుకు గండ్లు పడి ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమికంగా వేసిన నష్టం అంచనా 6,882 కోట్లు. అక్కడ ఇళ్లకు సాయం మాత్రం త్వరగానే చేరింది. నీట మునిగిన ఇంట్లో కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు చొప్పున సెప్టెంబరు 25న నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. నాలుగు వారాలు కూడా కాలేదు. జాబితాల్లో పేరు లేదనీ, ఖాతాకు ఆధార్ అతకలేదనీ కొందరు తిరగాల్సి వచ్చిన మాట నిజం. అయినా అంతమందికి అంత తొందరగా ఇవ్వగలిగారంటే అది చిన్న సంగతి కాదు. మనిషికి ఖాతా ఉంది కాబట్టి డబ్బు నడిచింది. చప్టాకు ఖాతా లేదు.

ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బు సంగతీ చూద్దాం. 2024 అక్టోబరు 1న కేంద్రం 14 రాష్ట్రాలకు 5,858.60 కోట్లు విడుదల చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు. ఇది నెలలోపే వచ్చింది. ఎందుకంటే ఇందులో చాలా భాగం రాష్ట్రాలకు ఏటా రావాల్సిన విపత్తు నిధి వాటాయే, దానికి కొత్తగా లెక్క కట్టాల్సిన పని లేదు. అంతకు మించిన నష్టానికి జాతీయ నిధి నుంచి ఇవ్వాల్సింది మాత్రం 2025 ఫిబ్రవరి 19న ప్రకటించారు. ఐదు రాష్ట్రాలకు కలిపి 1,554.99 కోట్లు, అందులో మనకు 608.08 కోట్లు. అదీ రాష్ట్ర నిధి ఖాతాలో ఏడాది మొదట్లో ఉన్న నిల్వలో సగం సర్దుబాటు చేశాక ఇచ్చేది. సెప్టెంబరు వరదకు ఫిబ్రవరిలో ప్రకటన. మధ్యలో వినతిపత్రం, కేంద్ర బృందం పర్యటన, ఆ బృందం నివేదిక, ఉపసంఘం, చివరికి హోంమంత్రి అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీ.

ముందే పంపడం చేతకాక కాదు. 2019లో ఫణి తుపాను తీరం దాటకముందే, ఏప్రిల్ నెలాఖర్లో నాలుగు రాష్ట్రాలకు 1,086 కోట్లు విడుదల చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 200.25 కోట్లు వచ్చాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటితే రెండు రోజుల్లో రాష్ట్రానికి విపత్తు నిధి రెండో విడత వాటాను ముందుగానే ఇచ్చారు, 493.60 కోట్లు. లెక్క ముందే కుదిరిన డబ్బు రెండు రోజుల్లో కదులుతుంది. జరిగిన నష్టాన్ని కొలిచి ఇచ్చే డబ్బుకు నెలలు కావాలి. ఢిల్లీకీ అమరావతికీ మధ్య ఉన్న ఈ తేడాయే అమరావతికీ మా చప్టాకూ మధ్య కూడా ఉంది. కింది మెట్లలో మాత్రం ముందే కుదిరిన లెక్కంటూ ఏదీ లేదు.

ఈ చిక్కు పాతదే. రెండో ఆర్థిక సంఘం కాలం నుంచి రాష్ట్రాలకు విపత్తుల కోసం కొంత సొమ్ము మార్జిన్ మనీ పేరుతో పక్కన పెట్టేవారు. అది చాలకపోతే రాష్ట్రం వినతిపత్రం పెట్టుకోవాలి, కేంద్ర బృందం రావాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఈ రాష్ట్రం ఆ పద్ధతిలోనే ఎదుర్కొంది. ఈ తిప్పలు తప్పించాలనే తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో విపత్తు సహాయ నిధి పెట్టారు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010 నుంచి ఆ నిధే రాష్ట్ర విపత్తు స్పందన నిధి, వాడుకలో ఎస్‌డీఆర్‌ఎఫ్ అయింది. కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం. పేర్లు మారాయి, మొత్తాలు పెరిగాయి. నిధి దాటిన నష్టానికి వినతిపత్రం, బృందం అనే ఆనవాయితీ మాత్రం అట్లాగే ఉంది.

15వ ఆర్థిక సంఘం ఒక మంచి పని చేసింది. 2021 నుంచి 2026 వరకు రాష్ట్రాలన్నిటికీ కలిపి 1,60,153 కోట్లు కేటాయిస్తూ, అందులో 20 శాతం విపత్తు రాకముందే జాగ్రత్తపడడానికీ, 80 శాతం వచ్చాక ఖర్చుకీ అంది. ఆ 80లో 40 తక్షణ సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకు. అంతకుముందు విపత్తు నిధి అంటే బియ్యం, పునరావాస శిబిరం, ఎక్స్‌గ్రేషియా, తాత్కాలిక మరమ్మతు. తెగినదాన్ని మళ్లీ గట్టిగా కట్టుకోవడానికి ప్రత్యేకంగా వాటా పెట్టడం ఇదే మొదలు. అయితే ఆ 30 శాతాన్ని ఎట్లా ఖర్చుపెట్టాలో చెప్పే మార్గదర్శకాలను కేంద్ర హోంశాఖ 2024 ఆగస్టులో ఇచ్చింది. ఐదేళ్ల గడువులో నాలుగో ఏడు నడుస్తోంది అప్పటికి. ఆలస్యాన్ని తగ్గించాల్సిన నిధికే మూడేళ్లు ఆలస్యం. ఇలాంటిది ఇదొక్కటే కాదు. 2005 చట్టంలో రాసిన జాతీయ విపత్తు ఉపశమన నిధి పదేళ్లయినా పెట్టలేదని 2016 మే 11న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా అడిగి మూడు నెలల గడువిచ్చింది. ఆ నిధి ఏర్పడింది 2021 ఫిబ్రవరిలో.

ఆ మార్గదర్శకాల ప్రకారం పునర్నిర్మాణానికి డబ్బు అడగాలంటే ముందు విపత్తు అనంతర అవసరాల అంచనా చేయాలి. రంగాల వారీగా నిపుణులు తిరిగి నష్టం ఎంత, మళ్లీ కట్టడానికి అవసరం ఎంత అని లెక్క తీయాలి. నగరం మునిగినప్పుడు, వంతెనలు కూలినప్పుడు ఇది అవసరమే. మూడు తూముల చప్టాకు, పంచాయతీ ట్యాంకుకు వెళ్లే పైపుకు, బడి ప్రహరీకి ఇది మోయలేని బరువు.

తక్షణ మరమ్మతుల సంగతి వేరు. కేంద్రం 2015లో ఇచ్చిన సహాయ నిబంధనల్లో వీటికి వరుసలు కట్టి పెట్టారు. గ్రామీణ రోడ్డుకు కిలోమీటరుకు 60 వేలు, ప్రాథమిక పాఠశాలకు 1.5 లక్షలు, పంచాయతీ ఆస్తికి 2 లక్షల వరకు. మైదాన ప్రాంతంలో మామూలు విపత్తయితే 30 రోజుల్లో, తీవ్రమైనదైతే 45 రోజుల్లో ఈ పనులు ముగించాలని కూడా రాశారు. అంటే చిన్న పని నెలా నెలన్నరలో అయిపోవాలన్న ఆలోచన రాసినవాళ్లకు ఉంది. ధరల్ని ఆ తర్వాత సవరించారు. ఆ గడువు మాత్రం మా వైపు ఎక్కడా కనపడదు.

ఎందుకు కనపడదో తెలియాలంటే ఒక ఫైలు వెంట నడవాలి. అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, ఎస్టిమేటు వేస్తాడు. పై ఇంజనీరు డీఈ చూస్తాడు. తర్వాత టెక్నికల్ శాంక్షన్. పరిపాలనా అనుమతి కోసం జిల్లా, అక్కడినుంచి శాఖాధిపతి కార్యాలయం. అక్కడ ఒక్కో జిల్లా జాబితాను ఒక్కో ఫైలుగా కడతారు. మా పల్నాడు జిల్లా జాబితాలో ఒక్క పనికి కొలత తేడా వస్తే మొత్తం జాబితా వెనక్కొస్తుంది. అనుమతి వచ్చాక టెండరు. చిన్న పనికి టెండరు వేసేవాళ్లు ఉండరు. ఒకసారి ఎవరూ రాకపోతే రెండోసారి పిలవాలి. పని అయ్యాక కొలతల పుస్తకం ఎం-బుక్కులో కొలతలు ఎక్కాలి, చెక్ మెజర్‌మెంట్ జరగాలి, బిల్లు రాష్ట్ర ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో పెట్టాలి. అక్కడ ఆ పద్దు కింద బడ్జెట్ విడుదలై ఉంటేనే టోకెను ముందుకు కదులుతుంది.

టెండరు ఎందుకు వేయరని పిడుగురాళ్లలో చిన్న చిన్న పనులు చేసే ఒకాయన్ని అడిగాను. మా వీధిలో పెరిగినవాడే. "బాబాయ్, పని చెయ్యడానికి పదిహేను రోజులు. డబ్బులకి ఎన్నాళ్లో ఎవురు చెప్తారు? నూటికి రెండు వడ్డీకి తెచ్చి పోస్తే, బిల్లొచ్చేసరికి మిగిలేదేంది?" అన్నాడు. ఆయన చెప్పింది అర్థశాస్త్రమే. ఏడు లక్షలకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 14 వేలు. పది నెలలు ఆగితే లక్షా నలభై వేలు. ఆ పనిలో మిగులు అంత ఉండదు. కాబట్టి రానివాడు రాడు. వచ్చినవాడు సిమెంటులో తగ్గిస్తాడు. మళ్లీ వానకు అదే చప్టా తెగుతుంది. ఆలస్యం వల్ల దారి లేకపోవడం ఒక నష్టం, వేసినదాని నాణ్యత పడిపోవడం రెండోది. ఈ రెండోదాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

మా నేల కూడా దీనికి తోడు. పిడుగురాళ్ల, గురజాల వైపు సున్నపురాయి గుట్టలు, వాటి కింద నల్లరేగడి. గట్టి రాతి మీద పడ్డ వాన నిలవదు, గంటల్లో వాగు నిండి గంటల్లో దిగుతుంది. ఎండకు నెర్రెలిచ్చి, నీటికి ఉబ్బే రేగడి కట్ట ఆ ఉరవడికి తట్టుకోదు. అందుకే మాకు వచ్చే నష్టం విజయవాడ నష్టంలా ఒకచోట కుప్పగా కనపడదు. ఒక ఊళ్లో చప్టా, ఇంకో ఊళ్లో చెరువు అలుగు, ఇంకోచోట నాగార్జునసాగర్ కుడి కాలువ మేజరు గట్టు. విడివిడిగా ఏదీ పెద్ద వార్త కాదు. కలిపితే ఒక మండలం బతుకు.

సున్నపు బట్టీల మాట ఇక్కడే చెప్పాలి. కాల్చిన సున్నానికి నీరు తగిలితే వేడెక్కి పొడిపొడిగా రాలిపోతుంది. షెడ్డు రేకు లేచి వాన లోపలికి కొడితే ఆ రోజు సరుకు పోయినట్టే, కూలీకి వారం పని పోయినట్టే. సహాయ నిబంధనల్లో పంటకు వరుస ఉంది, పశువుకు ఉంది, చేనేత, హస్తకళల వారి పనిముట్లకూ ఉంది. బట్టీ షెడ్డుకూ అక్కడి కూలీకి పోయిన పనిదినాలకూ వరుస లేదు. సున్నానికి దేశమంతా పేరున్న ఊరిలో ఇది పెద్ద లోటు. జాతీయ జాబితాలో లేని స్థానిక విపత్తుల కోసం నిధిలో 10 శాతం వరకు వాడుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. వృత్తుల విషయంలో కూడా అలాంటి వెసులుబాటు ఒకటి కావాలి.

ఇక త్వరగా ఇవ్వడానికి ఇప్పుడున్న దారులేమిటి? మన దగ్గర కలెక్టర్లకు టీఆర్-27 ఉంది. ట్రెజరీ నియమాల్లోని ఈ అంశం కింద తుపాను వేళ ముందుగా డబ్బు తీసుకుని భోజనాలకు, పడవలకు, జేసీబీలకు ఖర్చుపెట్టి తర్వాత లెక్క చెప్పొచ్చు. అంతకన్నా గట్టిది విపత్తు నిర్వహణ చట్టంలోని 50వ సెక్షన్. రక్షణకో సహాయానికో వెంటనే వనరులు కావాలనుకుంటే టెండరు పద్ధతిని మినహాయించినట్టే భావించాలనీ, ఖర్చుచేసిన అధికారి ఇచ్చే ధ్రువపత్రమే చెల్లుబాటయ్యే వోచరనీ ఆ సెక్షన్ అంటుంది. ఇరవై ఏళ్ల కింద మన పార్లమెంటు ఇంత స్పష్టంగా రాసిందని చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. అయితే అందులో ఉన్న మాటలు రక్షణ, సహాయం. మళ్లీ కట్టుకోవడం అన్న మాట లేదు. వరద రోజు అన్నం పొట్లానికి ఉన్న నమ్మకం, వరద తగ్గిన మర్నాడు తూముకు లేదు.

అమెరికా ఈ సమస్యను వేరే విధంగా పట్టుకుంది. అక్కడి సమాఖ్య విపత్తు సంస్థ ఫీమా, పనుల్ని చిన్నవీ పెద్దవీ అని రెండుగా విడదీస్తుంది. పెద్ద పనికి అసలు ఖర్చు బిల్లులు చూసి ఇస్తుంది. చిన్న పనికి ఎస్టిమేటు మీదే డబ్బు ఇచ్చేస్తుంది. స్థానిక సంస్థ పని పూర్తయిందని ధ్రువీకరిస్తే చాలు. 2022 ఆగస్టులో ఆ చిన్న పని హద్దును దాదాపు 1.4 లక్షల డాలర్ల నుంచి ఒక్కసారిగా 10 లక్షల డాలర్లకు పెంచారు. ఆ సంఖ్య మనకు పనికిరాదు, మన చప్టాలకు మన హద్దు ఉండాలి. చిన్నదానికి చిన్న దారి ఉండాలన్న మూలసూత్రం మాత్రం తీసుకోదగ్గది.

నిజానికి ఆ సూత్రం మనకూ కొత్త కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం తెచ్చింది. పది వేలకు పైగా నీటి సంఘాలు ఎన్నికయ్యాయి. కాలువ పూడిక, గట్టు మరమ్మతు, తూము షట్టరు లాంటి పనుల్ని రైతులే ఎంచుకుని, సంఘం ఖాతాలోకి వచ్చిన డబ్బుతో చేయించుకునే ఏర్పాటు అది. సాగర్ ఆయకట్టులో మా నాన్నగారి తరం వాళ్లు ఆ సంఘాల సమావేశాలకు వెళ్లడం నాకు గుర్తుంది. ఎవరి పొలం దగ్గర తూము పగిలిందో వాళ్లకే తెలుసు, పని సరిగా లేకపోతే మొదట అరిచేదీ వాళ్లే. లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు. తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికల్లేక సంఘాలు ఎండిపోయాయి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. వాటి చేతికి చిన్న మరమ్మతుల డబ్బు ఇవ్వడానికి ఇదే అదను.

ఇట్లా అన్నప్పుడల్లా ఎదురయ్యే అభ్యంతరం ఒక్కటే: తింటారు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే గండిని రెండు వరదలకు చూపించి బిల్లు చేసుకున్న కథలు ప్రతి జిల్లాలోనూ వినపడతాయి. పై స్థాయిలోనూ విపత్తు నిధి ఇంకోచోటికి మళ్లింది. ఎస్‌డీఆర్‌ఎఫ్ నుంచి వ్యక్తిగత డిపాజిట్ ఖాతాకు మార్చిన 1,100 కోట్లను రెండు వారాల్లో తిరిగి ఆ నిధిలో జమ చేయాలని 2022 జులైలో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అన్ని మెట్లూ, అన్ని సంతకాలూ ఉన్నచోటే అది జరిగింది. సంతకాల సంఖ్య పెంచితే దొంగతనం ఆగుతుందన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే. సంతకాలు నిజాయితీపరుణ్ని ఆపినంతగా మిగతావాణ్ని ఆపవు.

ఆపగలిగేది తర్వాత జరిగే తనిఖీ. దానికీ ఈ రాష్ట్రానికి అనుభవముంది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందుగా ఒక పద్ధతిలో పెట్టింది, దానికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. ఊరి మధ్య కూర్చుని ఎం-బుక్ పైకి చదువుతారు. "ఆ కట్ట మీద నేను పనిచేశా, అంత మట్టి పోయలేదు" అని ఒక కూలీ లేచి చెబుతుంది. తిన్నది రాబట్టడంలో ఆ పద్ధతి పూర్తిగా గెలవలేదు. కానీ ఊరి ముందు లెక్క చదవడం అనే భయాన్ని అది తెచ్చింది. చిన్న విపత్తు పనులకు కూడా అదే సరిపోతుంది.

నా మట్టుకు నేను కోరుకునేది ఇది. 10 లక్షల లోపు మరమ్మతుకు 50వ సెక్షన్ రక్షణ వర్తించేలా చట్టం సవరించాలి, లేదంటే రాష్ట్రమే స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. పునర్నిర్మాణపు వాటాలో కొంత భాగం ఏటా ఏప్రిల్‌లోనే జిల్లాకు, అక్కడినుంచి మండలానికి ఖాతాలో వేసి ఉంచాలి. విపత్తు ప్రకటించిన రోజే అది తెరుచుకోవాలి. ఎస్టిమేటు మీద సగం ముందే ఇచ్చి, పని ఫొటో చూసి మిగతాది ఇవ్వాలి. నీటి సంఘం, పంచాయతీ, డ్వాక్రా గ్రామ సమాఖ్య, వీటిలో ఎవరు ముందుకొస్తే వాళ్లకు పని ఇవ్వొచ్చు. మూడు నెలల్లో గ్రామసభలో లెక్క చదవాలి. నూటికి నూరు పనుల్నీ పై ఆఫీసు చూడనక్కర్లేదు, చీటీ తీసి పదింట ఒకటి క్షుణ్ణంగా చూస్తే చాలు. మంచి ఉద్దేశంతో ఖర్చుపెట్టిన ఏఈకి ఆడిట్ అభ్యంతరం పదేళ్ల తర్వాత పింఛను దగ్గర అడ్డం పడకూడదు. ఈ చివరిది చిన్న మాటలా కనపడుతుంది గానీ, నేను మాట్లాడిన ఇంజనీర్లందరూ మొదట చెప్పింది అదే.

15వ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చితో ముగిసేది. కొత్త ఐదేళ్లకు మార్గదర్శకాలు రాసేవాళ్లు ఈసారి నాలుగో ఏడు దాకా ఆగకూడదు. చిన్న పని అంటే ఎంత అన్నది మొదటి పేజీలోనే రాయాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటింది. ఆ వానకు పల్నాడులో పత్తి చేలు నల్లబడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక చప్టా దగ్గరికి వెళ్లాను. కొత్త కట్టు నిలిచింది. ఎగువన కుడి పక్క మట్టి మాత్రం మూరెడు జారింది, ఇప్పుడే నాలుగు ట్రాక్టర్ల రాయి పడితే ఆగుతుంది. ఫొటో తీశాను. 2024లో తెగినప్పటిదీ, గ్రావెల్ పోసినప్పటిదీ, కొత్తగా కట్టినప్పటిదీ కూడా నా ఫోన్లో తేదీలతో ఉన్నాయి. ఆఫీసులో అడిగితే వాళ్ల దగ్గర తెగిన నాటి ఫొటో ఒక్కటే ఉంది, తెగకముందు చప్టా ఎట్లా ఉండేదో చూపించే కాగితం లేదు. మండలంలో ఉన్న చప్టాలు, తూములు, అలుగులు, పైపులైన్లు అన్నిటికీ మే నెలలో ఒక్కో ఫొటో, కొలత తీసి పెట్టుకుంటే జూన్‌లో ఎవరి నష్టం నిజమో గంటలో తేలుతుంది. మా మండలానికి ఆ పని ఇద్దరు కుర్రాళ్లు, ఒక మోటారు సైకిలు, పది రోజులు.